పాదులో పసుపుతాడు

"ఈ బందరు గడ్డమీద నా కన్నుగప్పి తప్పించుకున్న నేరస్థుడు లేడు" అని ప్రకటించారు శోభనాద్రిగారు. నిజమే. ఇంతవరకూ ఆయన దగ్గరికి ఒక్క కేసూ రాలేదు. కోర్టులో ముప్ఫయ్యేళ్లు ఫైళ్లు మోసి రిటైరయ్యాక గేటుకి బోర్డు తగిలించుకున్నారు: "అపరాధ పరిశోధకులు. చిన్న కేసులు చూడబడవు."

ఆయనింట్లోనూ, పక్కింటి సుభాషిణింట్లోనూ అంట్లు తోమే పున్నమ్మకి చదువు రాదు. అందుకే ఆ బోర్డు దాటి లోపలికొచ్చి మొర పెట్టుకుంది.

"మొన్న సుభాషిణమ్మగారు మంగళసూత్రాల తాడు మార్చుకున్నారండి. బంగారు గుండు ఒకటి కనపడలేదంట. ఆ గది ఊడ్చింది నేనని, దొరికేదాకా పనికి రావద్దని గుమ్మంలో నలుగురూ వినేలా చెప్పేశారు. ఇంక మిగతా ఇళ్లవాళ్లు మాత్రం ఉంచుకుంటారా బాబుగారూ?"

"గుండు చిన్నది. కేసూ చిన్నదే. నేను హత్యకేసులో తలమునకలుగా ఉన్నాను."

"ఎవరు పోయారండీ?"

"సుభాషిణి మొగుడు గిరిధర్. నాలుగు రోజులుగా మనిషి లేడు. రోజూ ఆవిడ పెరట్లో గొయ్యి తీసి, ఏదో వేసి, మట్టి కప్పుతోంది. ఒకటే కంపు. మొన్నయితే పసుపుతాడు కూడా పూడ్చేసింది. మొగుడు బతికుండగా ఏ ఆడదైనా ఆ పని చేస్తుందా?"

పున్నమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అది బీరపాదండి. వంటింటి తొక్కలూ, రొయ్యపొట్టూ వేసి కప్పెడితే నెల్లాళ్లకి మట్టి గుల్లబారుద్ది. అప్పుడు విత్తనం పెడతారు. పాత తాడు ఎవరి కాళ్లకిందా పడకూడదని పాదులో వేస్తారు. గిరిధర్ బాబుగారు నాగాయలంకలో రొయ్యల చెరువు దగ్గరున్నారు."

పెళ్లి చేసుకోని శోభనాద్రిగారు ఆమెను జాలిగా చూశారు. "నీకలా చెప్పిందన్నమాట. పార తీసుకురా."

పున్నమ్మ పారతో వెంట రాగా, గోడ దూకబోయి కూలబడి, లేచి, అవతలి పెరట్లో మోచేతుల దాకా మట్టిలో దిగారు. అరటితొక్కలు వచ్చాయి. దోసచెక్కు వచ్చింది. రొయ్యపొట్టును భూతద్దంలో చూసి "గోళ్లు" అన్నారు.

సుభాషిణి బయటికొచ్చింది. "ఏవండీ, మా పాదులో మీకేం పని?"

"నాటకం చాలు. ఇదేమిటి?" అంటూ మట్టి పట్టిన పసుపుతాడును ఆవిడ ముఖం ముందు గట్టిగా విదిలించారు. ముడి వదులై, బట్టలుతికే బండమీద ఏదో టంగుమంది. బంగారు గుండు.

అప్పుడే గేటు తీసుకుని రొయ్యల సంచీతో గిరిధర్ వచ్చాడు. "ఎవరికోసం తవ్వుతున్నారండీ?"

"మీ కోసమే" అన్నారు శోభనాద్రిగారు.

సుభాషిణి తల దించుకుంది. "ముడిలోనే ఉండిపోయింది. తప్పు నాదే పున్నమ్మా. రేపట్నుంచి వచ్చెయ్."

పున్నమ్మ గుండును కొంగుతో తుడిచి ఆవిడ అరచేతిలో పెట్టింది. "వస్తానమ్మా. రావద్దని నలుగురూ వినేలా చెప్పారు. రమ్మని కూడా అలాగే చెప్పండి."

సుభాషిణి వీధి గుమ్మంలోకి వెళ్లి, నలుగురూ వినేలా చెప్పింది.

"హతుడు స్వయంగా హాజరైనందున కేసు ముగిసింది" అని ప్రకటించారు శోభనాద్రిగారు.

పున్నమ్మ పార ఆయన చేతికిచ్చింది. "ఇక పూడ్చండి బాబుగారూ. నెల్లాళ్లలో విత్తనం పెట్టాలి."