మా ఇంటిపేరు నల్‌వాలా

మనిషికి ఆస్తి లేకపోయినా ఫర్వాలేదు, అందం లేకపోయినా ఫర్వాలేదు. ఇంటిపేరులో ఒక వృత్తి ఉంటే చాలు, జన్మ ధన్యం! ఈ మాట అంటున్నది కెర్సీ నల్‌వాలా. నల్ అంటే కొళాయి. అంటే నేను కొళాయిల కెర్సీని. చేసే పని? ముప్ఫయ్యేళ్ళుగా పత్రికలో కాలమ్ రాయడం.

బొంబాయిలో మా పార్శీ కాలనీ నిండా ఇలాంటి భాగ్యవంతులే. మా కింది అంతస్తు జెరూ ఆంటీ ఇంటిపేరు డాక్టర్. ఆవిడకి సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆవిడ కింద ఉండే బందూక్‌వాలా, అంటే తుపాకులవాడు, బల్లిని చూస్తే బల్లెక్కుతాడు. అయినా గౌరవం తగ్గిందా? పేరు ఉండగా పని తెలియడం దేనికండీ!

మా ముత్తాత బెహ్రామ్‌జీ గవర్నరుగారి స్నానాలగదిలో కొళాయి బిగించాడని మా నాన్న చెప్పేవారు. చెప్పిన కొద్దీ ఆ కొళాయి ఇత్తడి నుంచి వెండికి, వెండి నుంచి బంగారానికి మారింది. తొంభైరెండేళ్ళ మా మేనత్త ఖుర్షీద్ మొన్న నిజం కక్కేసింది.

"బిగించడమా, పాడా! వీధికొళాయి దగ్గర బిందె పెట్టుకుని పొద్దస్తమానం పోట్లాడేవాడురా. పేర్లు రాసుకునే గుమాస్తా వచ్చి 'ఆ అరిచేదెవరు?' అన్నాడట. 'ఆ కొళాయివాడా!' అన్నారట జనం. అదే రాసేసుకున్నాడు!"

చూశారా! ఒక్క బిందె తగాదాతో నాలుగు తరాలకు పేరు! ఏ చదువు చదివితే వస్తుంది?

పోయిన నెల ఒక ఆదివారం. మా పార్శీల మాంసం పప్పు ధన్‌సాక్ అన్నంలో కలుపుకుని తొలిముద్ద నోటి దాకా తెచ్చాను. జెరూ ఆంటీ తలుపు దబదబ బాదింది.

"కెర్సీ! వంటింటి కొళాయి ఒకటే ఏడుపురా, రా!"

"నేను రాసేవాణ్ణి ఆంటీ. కొళాయి సంగతి నాకేం తెలుసు?"

"నల్‌వాలాకి కొళాయి తెలీదా? చేపపిల్లకి ఈత నేర్పాలా? లే, లే!"

కాపాడుతుందేమోనని నా భార్య ఫ్రేనీ వంక చూశాను. "వెళ్ళు, వంశగౌరవం కదా," అంది, నా కంచంలోని మాంసం ముక్కని తన కంచంలోకి మారుస్తూ.

నిజం చెప్పొద్దూ, గర్వంగానే వెళ్ళాను. రక్తంలో ఎంతో కొంత ఉండకపోతుందా? ఎడమకి తిప్పాను. ఏడుపు ఆగలేదు. కుడికి తిప్పాను. కొళాయి నా చేతిలోకి వచ్చేసింది!

ఆ ధార చూడాలి మీరు! ఆంటీ చిలక నిలువునా తడిసి, నాకు తెలియని తిట్లు తిట్టింది. నీళ్ళు గోడ వెంట దిగి, పెళ్ళికి వెళ్ళడానికి బందూక్‌వాలా ఇస్త్రీ చేసుకున్న తెల్లకోటు మీద పడ్డాయి.

"ఒరేయ్, వానాకాలానికి ఇంకా రెండు నెలలుంది కదరా!" అని కిందనుంచి కేక.

గొట్టానికి బొటనవేలు అడ్డం పెట్టి అరగంట నిలబడ్డాను. చివరికి మా వీధి ప్లంబరు పర్వేజ్ వచ్చి కొత్త కొళాయి బిగించాడు. అతని ఇంటిపేరు తెలుసా? రైటర్!

"ఈ గొట్టాలకి అరవయ్యేళ్ళు అంకుల్," అన్నాడు పర్వేజ్. "చిల్లులు మిగిలాయి గానీ గొట్టం మిగల్లేదు. మార్చమని ఈ కాలనీ నడిపే ట్రస్టువాళ్ళకి రాయండి. నేను రాస్తే అన్నీ తప్పులే."

మా కాలనీలో నన్ను రాయమని అడిగిన మొదటి మనిషి! నా కళ్ళు చెమర్చాయి. అవి గొట్టం నీళ్ళని ఫ్రేనీ వాదన.

ఆ మధ్యాహ్నమే మూడు పేజీలు రాశాను. చదివి వినిపిస్తే జెరూ ఆంటీ ముక్కు చీదింది. నలభై కుటుంబాలు సంతకాలు పెట్టాయి. బందూక్‌వాలా అలిగి కూడా పెట్టాడు.

పదకొండో రోజున ట్రస్టు జవాబు వచ్చింది. మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టి ఫ్రేనీ చదివింది.

"మీ విన్నపం శ్రద్ధగా పరిశీలించాం. మీ భవనం రెండో అంతస్తులో నల్‌వాలా అనువారు నివసిస్తున్నట్టు మా రికార్డుల్లో ఉంది. గొట్టాల విషయమై దయచేసి వారిని సంప్రదించగలరు."

నలభై కుటుంబాలూ ఒక్కసారి నా వంక తిరిగాయి.

"ట్రస్టువాళ్ళే తేల్చేశారు కదరా," అంది జెరూ ఆంటీ. "ఇంకెప్పుడు మొదలెడతావు?"