పన్నెండు నిమిషాల సముద్రం

జరగండి, జరగండి. ఆ తువ్వాలు పరిచిన చోటు ఎవరి సొంతమూ కాదు, కూర్చోండి. ఫోన్లు జేబుల్లో పెట్టండి, వీలైతే నోళ్లు కూడా. నేను గోవా చూసి వచ్చాను. చెప్పేది ఒకటే మాట: సముద్రం దగ్గర పన్నెండు నిమిషాల కంటే ఎక్కువసేపు ఉండేవాడు ఉత్త వెర్రివాడు!

ఈ జ్ఞానం నాకు గద్వాల నుంచి బయల్దేరిన వన్ డే గోవా ప్యాకేజీ పుణ్యాన కలిగింది. పోవడానికి ఒక రాత్రి, రావడానికి ఒక రాత్రి, రెంటి మధ్య ఇరుక్కున్న ఒక పగలు. ఆ పగట్లోనే సముద్రం ఒడ్డున గుట్ట, పాత గోవా పెద్ద చర్చి, జీడిపప్పు దుకాణం. బస్సు ఎంత వేగంగా పోయిందంటే రాయచూరులో నేను మొదలుపెట్టిన తుమ్ము హుబ్లీ దాటాక పూర్తయింది. బస్సు నీడ మాత్రం మూడు రోజులు ఆలస్యంగా గద్వాల చేరింది.

పూర్వం మనిషి ఒక ఊరు చూడాలంటే ఆ ఊరంతా తిరిగేవాడు. ఎంత అనాగరికం! కాళ్ల నొప్పులు, చెప్పుల అరుగుదల, పైగా ఆ ఊరి మీద ప్రేమ పుట్టే ప్రమాదం. ప్యాకేజీలో ఆ భయమే లేదు. మా గైడ్ భాస్కర్ మెడలో ఈల ఉంది. మనసు ఎక్కడైనా నిలబడబోతే చాలు, ఈల మోగుతుంది.

నలభై రెండు మందిమి పోయాం. ఈ నాగరికత ఒక్కరికే ఒంటబట్టలేదు. ఆమె మానవపాడు జంగమ్మ.

ముప్పై ఏళ్ల కిందట జంగమ్మ, ఆమె భర్త వెంకటయ్య గోవాలోని ఆ సముద్రపు గుట్ట మీదికే రోడ్డు వేసే పనికి వలస పోయారు. ఆరు నెలలు రాళ్లు మోశారు. కింద సముద్రం హోరు వినిపించేది కానీ, పని ఆగిపోతుందని మేస్త్రీ దిగనిచ్చేవాడు కాదు. ఇప్పుడు వెంకటయ్య మోకాళ్లు బస్సు మెట్టు కూడా ఎక్కలేవు. అందుకని ఆమె చేతికి ఒక ఖాళీ సీసా ఇచ్చి పంపాడట. నీళ్లు తెస్తే నిజంగా ఉప్పగా ఉంటాయో లేదో నాలుక మీద వేసుకుని చూస్తానన్నాడట. దారి పొడుగునా ఆ సీసాను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

గుట్ట మీద దిగాం. ఎర్రరాయి గోడలా నిటారుగా కిందికి పోతుంది, అడుగున అలలు తెల్లగా పగులుతుంటాయి. కిందికి మెట్లున్నాయి. ఎన్ని మెట్లంటే, అడుగున ఉన్నవాళ్లకు ఇంకా నిన్నటి రోజే నడుస్తోంది! మాకిచ్చింది పన్నెండు నిమిషాలు. అందులో పది ఫోటోలకు పోయాయి. అందరం సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాం. మేం సముద్రాన్ని చూడకపోతేనేం? సముద్రం మా వీపులను కరువుతీరా చూసింది.

జంగమ్మ మాత్రం ఫోటో దిగలేదు, మెట్లు దిగింది. సగం దిగిందో లేదో, ఈల!

"జర ఆగు బిడ్డా. గీ సీస నిండితే చాలు" అంది కింద నుంచి.

"పెద్దమ్మా, మన ప్యాకేజీల సముద్రం చూసుడే ఉన్నది, ముట్టుడు లేదు. చర్చికాడ లేటయితది, రా" అన్నాడు భాస్కర్.

బస్సెక్కిన వాళ్లమంతా ఆమె మీద కేకలు వేశాం. అందరికంటే గట్టిగా వేసింది నేనే. ఆమె ఒకసారి కిందికి చూసింది. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటూ ఎక్కి వచ్చింది.

చర్చికి ఎనిమిది నిమిషాలు. అబ్బో, ఎంత చర్చి! గోపాల్‌పేట మండలం వడ్లన్నీ అందులో ఆరబోసుకోవచ్చు. దేవుడి ఇల్లు అనగానే చెప్పులు విడవడం మనకు పుట్టుకతో వచ్చింది కదా? నలభై రెండు జతలు గుమ్మం ముందు కుప్పపడ్డాయి. రెండు నిమిషాలు లోపల, ఆరు నిమిషాలు ఆ కుప్పలో. వందల ఏళ్ల చరిత్రలో నేను గుర్తుపట్టింది నా కుడి చెప్పు ఒక్కటే. ఎడమ కాలికి ఎవరిదో తొడుక్కుని వచ్చాను.

తర్వాత జీడిపప్పు దుకాణం. అక్కడ గంటా నలభై నిమిషాలు. అక్కడ మాత్రం ఈల మోగలేదు! పాపం, భాస్కర్ ఊపిరి సముద్రం దగ్గరే అయిపోయిందేమో.

ఆ తీరికలోనే అతనికి జంగమ్మ మీద జాలి కలిగింది. సీసా అడిగి తీసుకుని, దుకాణం వెనక నల్లా కింద పట్టి, మధ్యాహ్నం హోటల్లో మిగిలిన ఉప్పు పొట్లాలు రెండు చించి పోసి, బాగా గిలకొట్టి ఇచ్చాడు. సముద్రమంటే అంతే కదా! కష్టపడి కిందికి దిగాలా? జంగమ్మ అంతా చూసింది. సీసా అందుకుని మూత బిగించింది.

మర్నాడు పొద్దున గద్వాలలో బస్సు ఆగేసరికి, గులాం రసూల్ టీ బండి పక్కన వెంకటయ్య కర్ర పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. సీసా మూత తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకుని, పెళ్లాం ముఖంలోకి చూశాడు.

"దిగినవా?"

"లే. గివి నల్లా నీళ్లు" అంది జంగమ్మ. "ఆనాడు కూలిచ్చి తోలుకపోయినోడు దిగనియ్యలే. ఇప్పుడు మనం పైసలిచ్చి పోయినా దిగనియ్యలే."

వెంకటయ్య మూతను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "రోడ్డన్న ఉన్నదా?"

"ఉన్నది. మనం పరిచిన రాళ్ల మీదనే బస్సు నిలబెట్టిండ్రు."

అందరికంటే గట్టిగా అరిచిన నేను అప్పుడు నా ఎడమ కాలి చెప్పును చాలా శ్రద్ధగా పరిశీలించాను. అది ఆడవాళ్ల చెప్పు.

ఇంతలో గులాం రసూల్ ఆ సీసా అందుకుని, అరచేతిలో రెండు చుక్కలు పోసుకుని చప్పరించాడు.

"ఉప్పు జర తక్కువున్నది, వెంకటన్నా" అని తేల్చాడు. "అయినా వన్ డే ప్యాకేజీకి ఫుల్ సముద్రం యాడికెళ్లి ఇస్తరే?"