కోహిమా సామాను

స్టూడియో వ్యాన్లు రోడ్డెక్కకముందే ఫిల్మ్ నగర్ దాటిపోవాలన్నది ఆ ఉదయం ఫిలోమినా పథకం. అవి ఒకసారి బయటికొచ్చాయంటే ఇక ఆ సందులో చీమకు కూడా దారి దొరకదు.

యాభై దాటాక మోటారుసైకిలు నేర్చుకుని, ఇప్పుడు ఏకంగా నాగాలాండ్‌లోని కోహిమాకే బయల్దేరుతున్న మనిషి ఆమె. వృత్తి ఫిజియోథెరపీ. ఎక్కడ బరువు పడితే నడుము నిలుస్తుందో తెలిసిన మనిషి కాబట్టి బండికీ అదే వైద్యం చేసింది. పనిముట్లు అడుగున, ఇంజనుకు దగ్గరగా. బట్టలు వాటిమీద. వానకోట్లు చెయ్యి చాస్తే అందేలా అన్నిటికన్నా పైన.

వెనక సీటు భర్త జాన్ బాబుది. ఆయన డబ్బింగ్ ఆర్టిస్టు. ఏళ్ళ తరబడి విలన్ల అనుచరులకు గొంతు అరువిచ్చాడు. ఎందరు హీరోలను బెదిరించాడో లెక్కలేదు కానీ, భార్య వెనక కూర్చుని హైవే ఎక్కాలంటే ఆయన గుండె దడదడలాడుతోంది. ఆమెను ఒంటరిగా పంపాలంటే అంతకన్నా దడ. అందుకే ధైర్యం కోసం గొంతుకు ఆవిరి పట్టే మిషను, తేనె సీసా, రెండు దిళ్ళు, ఒక మడతకుర్చీ తెచ్చి మెట్ల మీద పెట్టాడు.

"కుర్చీ ఎందుకండీ?"

"దారిలో నడుము పట్టేస్తే?"

"మీ నడుము సంగతి నేను చూసుకుంటాను."

అయినా ఆయన మొహం చూసి, కుర్చీని కూడా బండెక్కించింది. ఆమె పట్టీలు బిగిస్తుంటే జాన్ బాబు అప్పటికే హెల్మెట్ తగిలించుకుని రోడ్డుకు అవతల నిలబడి, చెయ్యెత్తి, ఖంగుమనే గొంతుతో సలహాలివ్వసాగాడు.

"కట్టు! ఇంకా గట్టిగా! అదీ... కట్టు!"

ఫిల్మ్ నగర్‌లో ఆ స్థాయి గొంతుతో "కట్టు" అంటే జనానికి "కట్" అనే వినపడుతుంది. స్టూడియోకి నడిచిపోతున్న ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులు టక్కున ఆగి జుట్టు సవరించుకున్నారు.

"ఏం సినిమా సార్?"

"సినిమా లేదూ గినిమా లేదు! కోహిమా దాకా!"

"టైటిల్ అదిరింది సార్."

ఎవరూ అడక్కుండానే ఒక ఆటో డ్రైవరు తన బండిని రోడ్డుకు అడ్డంగా పెట్టేశాడు. "గీడ షూటింగ్ నడుస్తుంది, జర ఆగుండ్రి" అంటూ అందరినీ ఆపాడు. స్టూడియో వ్యాను ఆగింది, దాని వెనక కార్లు ఆగాయి, హారన్లు అందుకున్నాయి. జూనియర్ ఆర్టిస్టుల్లో ఒకడు "ఏడుపు కూడా వచ్చు సార్, చూడండి" అని గోడకానుకుని వెక్కివెక్కి ఏడవసాగాడు.

ఇంతలో కానిస్టేబుల్ వచ్చాడు. "రోడ్డు మీద షూటింగ్‌కు పర్మిషన్ ఏది సార్?"

జాన్ బాబు ఫిలోమినా వైపు చెయ్యి చూపించాడు. "అన్నీ... మేడమే చూసుకుంటారు."

ఆ మాటతో ఆమె డైరెక్టర్ మేడమ్ అయిపోయింది. జనం ఫోన్లెత్తి ఒక్కసారిగా ఆమె మీదికి వచ్చారు. భార్యను కాపాడబోయి రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చిన జాన్ బాబు వేలాడుతున్న పట్టీ తొక్కాడు. కుర్చీ జారింది, దానివెంటే బండి పక్కకు ఒరిగి ధడేలుమంది. తేనె సీసా పగిలి దిళ్ళు తడిసిపోయాయి.

"షాట్ ఓకేనా మేడమ్?" అన్నాడు ఏడుస్తున్నవాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఫిలోమినా సంచులన్నీ విప్పి పక్కన పెట్టింది. పడివున్న బండి సీటుకు నడుము ఆనించి కూర్చుంది. ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, బలమంతా కాళ్ళలోకి తెచ్చుకుని, చిన్నచిన్న అడుగులతో వెనక్కి నడిచింది. బండి ఆమె మాట విన్నట్టు లేచి నిలబడింది. హారన్లు ఆగిపోయాయి. ఆమె తాపీగా మళ్ళీ మొదటినుంచీ సర్దింది. ఆఖరి పట్టీ బిగించాక బండిని అటూ ఇటూ ఊపి చూస్తే, ఒక్క సంచీ కదల్లేదు. సందంతా చప్పట్లతో మారుమోగింది.

"అమ్మా, ఇంకోసారి లేపుతరా? వీడియో తియ్యలే" అన్నాడు కానిస్టేబుల్.

వ్యానులోంచి దిగిన అసిస్టెంట్ డైరెక్టర్ సృజన్ పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, మా హీరోయిన్‌కి అచ్చం ఇదే సీను ఉంది. డూప్‌గా చేస్తారా?"

"తిరిగొచ్చాక చూద్దాం బాబూ. ముందు నీ వ్యాను వెనక్కి తియ్యి."

సందు ఖాళీ అయింది. జాన్ బాబు భార్యనే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తను తోడు లేకపోతే ఈమె ఏమైపోతుందో అనుకున్నాడు. ఇప్పుడు చూస్తే, బండి పడింది తను తోడున్నందుకే. ఆమెను ఒంటరిగా పంపాలన్న దడ ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియలేదు. మెల్లగా హెల్మెట్ తీసేశాడు.

"ఫిలోమినా, నువ్వు వెళ్ళు. నేను గువాహటికి రైల్లో వస్తా. అక్కడ ఎక్కించుకో."

"భయపడుతున్నారా?"

"ఇందాకటిదాకా. ఇప్పుడు లేదు."

ఆమె ఆయన చెయ్యి గట్టిగా నొక్కింది. తర్వాత ఆయన కూర్చోవలసిన చోట మంచినీళ్ళ క్యాను పెట్టి కట్టింది. బరువులో కాస్త తక్కువే అయినా, దారిలో అది సలహాలివ్వదు.