ఉల్లిగడ్డల బోణీ

ఆ మంగళవారం పొద్దున షట్టర్ ఎత్తుతూ సోమేశ్వర్ ఒకటే నిశ్చయించుకున్నాడు. ఈరోజు ఆమెను ఉత్త చేతులతో పంపకూడదు.

ఆమె పేరు యూకో. పాశమైలారం ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించడానికి జపాన్ నుంచి వచ్చిన ఇంజినీరు భార్య. మూడు రోజులుగా అమీన్‌పూర్‌లోని సోమేశ్వర్ కిరాణా దుకాణం తెరవగానే వస్తోంది. ఉల్లిగడ్డ ఎంత, పప్పు ఎంత అని అడిగి, ఫోన్‌లో తమ దేశపు ధరలతో పోల్చి చూసుకుని, వంగి నమస్కరించి వెళ్లిపోతోంది. ఏమీ కొనదు. బోణీ బేరం ఉత్తదైతే రోజంతా చెడుతుందని సోమేశ్వర్ నమ్మకం. నమ్మక ఏం చేస్తాడు? మొదటి రోజు కాటా పాడైంది. రెండో రోజు నూనె డబ్బా కారింది. మూడో రోజు బావమరిది వచ్చాడు, ఇంకా వెళ్లలేదు.

"కొనకపోతే కొనకపాయె. మీరెందుకు పరేషాన్ అయితరు?" అంది అతని భార్య సావిత్రమ్మ. ఆమె దిగులు వేరు. వెనక గదినిండా ఉల్లిగడ్డ బస్తాలున్నాయి. అవి మంచి ధరకు పోతే పెరుగు పాకెట్లకు ఫ్రిజ్ కొంటానని భర్త మాటిచ్చాడు. ఆ బస్తాల మూతులు ఆమే ఎర్ర దారంతో కుట్టింది. ఫ్రిజ్ కోసం ఒక మూల ఖాళీ చేసి పెట్టుకుంది.

యూకో వచ్చింది. "ఆనియన్, కిలో?"

"టెన్ రుపీస్! ఓన్లీ టెన్!" అన్నాడు సోమేశ్వర్. కొన్న ధరే ఇరవై రెండు. ఒక్క కిలోతో మునిగేదేముందని అతని ధైర్యం. యూకో ముఖం పాలిపోయింది. రెండుసార్లు వంగి నమస్కరించి, ఏమీ కొనకుండానే గబగబా వెళ్లిపోయింది.

వెనకే నిలబడ్డ హాస్టల్ వంటమనిషి మొగులయ్య ముందుకొచ్చాడు. "సేటూ, పదికే ఇస్తున్నవా? నాకో బస్తా వెయ్యి."

"గది ఆమెకు చెప్పిన ధర, మొగులయ్యా."

"ఆమె కొనకపాయె. ఇగ బోణీ నాదే. వాపస్ పంపుతవా?"

బోణీని వాపస్ పంపే ధైర్యం సోమేశ్వర్‌కు లేదు. బస్తా ఇచ్చాడు. మొగులయ్య ఫోన్ తీశాడు. కాసేపటికి మెస్సుల వంటవాళ్లంతా ఆటోల్లో దిగారు. సోమేశ్వర్ ధర ముప్పైకి పెంచబోతే ఎదురు దుకాణం రాంచందర్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మనిషికో ధర చెప్తే మన ఇజ్జత్ ఏం గావాలె, సోమన్నా?"

ఇజ్జత్ నిలబడింది. బస్తాలు వెళ్లిపోయాయి. ఒక్కో బస్తా గడప దాటినప్పుడల్లా సావిత్రమ్మ ఆ ఖాళీ మూల వైపు చూసింది. తిట్టినదానికన్నా ఆ చూపుకే సోమేశ్వర్‌కు ఎక్కువ భయం వేసింది.

మధ్యాహ్నం యూకో భర్తతో, కంపెనీ వ్యానుతో తిరిగి వచ్చింది. ఆమె తన భాషలో చెప్పింది ఫోన్ రేడియో వార్తల తెలుగులోకి మార్చి పలికింది.

"అయ్యా, మా దేశంలో కిలో ఉల్లి నూట ఎనభై రూపాయలు. నిన్న ముప్పై చెప్పిన మీరు నేడు పది అన్నారు. మీరు ఏదో ఆపదలో ఉన్నారని దుఃఖించితిని. మా క్యాంటీనుకు కావలసిన ఉల్లి అంతయు మీ వద్దనే కొనెదము. దయచేసి న్యాయమైన ధర చెప్పండి."

సోమేశ్వర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖాళీ గది చూపించాడు. "అయిపోయినయ్, మేడమ్."

"ఇటు రండ్రి మేడమ్! ఫ్రెష్ స్టాక్!" అని ఎదురుగా రాంచందర్ కేక వేశాడు. అతని దుకాణం ముందు బస్తాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఆ ఆటోల్లో సగం అతను పంపినవే. వ్యాను నిండింది, కిలో నలభై చొప్పున.

"గా ఎర్ర దారం నాదే," అంది సావిత్రమ్మ. లోపలికి వెళ్లి, ఫ్రిజ్ మూలలో తమ్ముడికి చాప పరిచింది.

పోతూ పోతూ యూకో మొహమాటపడి, వెనక్కి వచ్చి ఒక అగ్గిపెట్టె కొంది. ఆమెను ఉత్త చేతులతో పంపకూడదన్న సోమేశ్వర్ పంతం నెగ్గింది.