జనవరి ఒకటిన పుట్టిన కొండలు

కొత్త సంవత్సరం మొదటి ఉదయానికి టైటస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకల్లా రేడియోలో తన కార్యక్రమం ముగించాలి. తొమ్మిదింటికి తెల్లచొక్కా తొడుక్కుని చర్చిలో ఆరాధనకు వెళ్లాలి. మధ్యాహ్నం పాస్టరుగారింట్లో బిర్యానీ తినాలి. మిగతా రెండూ ఎలా ఉన్నా బిర్యానీకి మాత్రం ఏ అడ్డూ రాదనుకున్నాడు.

అరకులోయలో సంతకు వెళ్లే దారిలో, ఓ కాఫీపొడి దుకాణం మీద, మూడు గదుల్లో చిన్న రేడియో కేంద్రం ఉంది. చుట్టూ నలభై ఊళ్లకు వినిపిస్తుంది. వాన పడితే ఇరవైకి. అక్కడ టైటస్ రోజూ ఉదయం ఏడింటికి 'పాటల పంచాంగం' చదువుతాడు. పాటల లోకంలో ఈ తేదీన గతంలో ఏమేం జరిగాయో చెప్పాలి. మద్రాసులో ఫలానా పాట రికార్డయిన రోజు, బొంబాయిలో ఫలానా గాయని మొదటిసారి మైకు ముందు నిలబడిన రోజు, అమెరికాలో ఎవరో వేదిక మీద గిటారు తగలబెట్టిన రోజు. అన్నీ సెల్‌ఫోనులో దొరికేవే. వినేవాళ్లకు మాత్రం ఇవి పెద్దగా పట్టలేదు. గిటారు సంగతి విని డుంబ్రిగుడ నుంచి ఒకాయన ఫోను చేసి, అంత మంట మీద ఏం వండుకున్నారని అడిగాడు.

ఆ ఫోను సంగతి మేనేజరు ప్రేమ్‌కుమార్ చెవిన పడింది. అప్పటికే ఆయన ప్రాణం కుదురుగా లేదు. రేడియోకి గ్రాంటు ఇచ్చే శాఖ నుంచి వరహాలరావు అనే పెద్ద అధికారి కొత్త సంవత్సరం సెలవుకు కుటుంబంతో అరకు వస్తూ, పనిలో పనిగా కేంద్రాన్నీ చూస్తానని కబురు పెట్టాడు. ముప్పై ఒకటో తారీకు సాయంత్రం ప్రేమ్‌కుమార్ టైటస్‌ను పిలిచి సంగతి తేల్చేశాడు. రేపటి పంచాంగంలో మన కొండల పాట ముచ్చట ఒక్కటైనా ఉండాలి. లేకపోతే రెండో తారీకు నుంచి పంచాంగమూ ఉండదు, చదివేవాడూ ఉండడు.

టైటస్‌కు భయం వేసింది. అతను విశాఖపట్నంలో ఒక నర్సమ్మ కొడుకు. ఆస్పత్రిలో పుట్టి, పుట్టిన నిమిషంతో సహా కాగితం మీదికెక్కిన మనిషి. నాలుగు ఉద్యోగాలు పోయాక దొరికిన అయిదోది ఇది. కొండెక్కి ఎనిమిది నెలలే అయినా ఈ చలీ, ఈ మైకూ అతనికి ప్రాణమైపోయాయి. మళ్లీ కిందికి దిగి నాన్న ముందు తలవంచుకు నిలబడే ఓపిక అతనికి లేదు.

ఒకటో తారీకు ఉదయం ఆరింటికి ఫోను తెరిచి వెతికాడు. జనవరి ఒకటిన లోకమంతా ఏదో ఒకచోట ఎవరో ఒకరు పాడారు, అరకులో తప్ప. అడుగుదామంటే స్థానికురాలైన సాంకేతిక సహాయకురాలు స్వర్ణ తొమ్మిదింటి దాకా సెలవు పెట్టింది. ఆమె ఊళ్లో ఫోను మోగాలంటే మనిషి చెట్టెక్కాలి. ఆరున్నరకు టైటస్ దిక్కుతోచక అలమర తీశాడు. అందులో పోయిన రెండేళ్లలో కేంద్రానికొచ్చి పాడిన పద్నాలుగురు కళాకారుల దరఖాస్తులున్నాయి, ఆధార్ జిరాక్సులతో సహా.

మొదటి కాగితం సోములమ్మది. నాట్ల పాటలు పాడే పెద్దావిడ. పుట్టిన తేదీ 1-1-1953. టైటస్ దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు. రెండోది తుడుము వాయించే బుధుది, 1-1-1960. మూడోది మోరి అనే సన్నాయి ఊదే భీముడిది. అదీ జనవరి ఒకటే. ఏడో కాగితానికి వచ్చేసరికి టైటస్ చేతులు జోడించాడు. చలి కొంత, విశ్వాసం కొంత. పద్నాలుగురిలో పదకొండుగురు ఒకే తేదీన పుట్టారు. గోరంత అడిగితే కొండంత ఇచ్చావు ప్రభువా అని కళ్లు తుడుచుకుని మైకు ముందు కూర్చున్నాడు.

ఆ రోజు అతని గొంతు బ్రహ్మాండంగా పలికింది. మద్రాసునూ బొంబాయినీ ఒక్క వాక్యంలో దాటేసి కొండల మీదికొచ్చేశాడు. ప్రపంచ సంగీత చరిత్రలో ఏ ఊరికీ దక్కని ఘనత మనకే దక్కిందన్నాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం.

"ఈ రోజు పుట్టిన కళాకారులందరూ కార్డు పట్టుకుని పది గంటలకు మన కేంద్రానికి రండి. శాలువా కప్పుతాం, కేకు కోస్తాం" అనేశాడు.

పావుగంటలో ప్రేమ్‌కుమార్ ఫోను చేశాడు. ఆనందంతో ఆయన హలో అనడం కూడా మరిచిపోయాడు. వరహాలరావుగారు ఘాట్ రోడ్డు మలుపుల్లో కారు రేడియోలో అంతా విన్నారట. శాలువాలు స్వయంగా తానే కప్పుతానన్నారట. అంతే కాకుండా పట్నంలో తనకు తెలిసిన ఒక సంగీతం ప్రొఫెసరును నిద్ర లేపి అభిప్రాయం అడిగారట. ఆయన దుప్పటిలోంచే, మూడు వేల అడుగుల ఎత్తులో బిడ్డ మొదటి ఏడుపు శ్రుతిలోనే పడుతుందని శాస్త్రం చెప్పేశాడు.

ఎనిమిదింటికి కింది దుకాణం వాడు 'పాటగాళ్లను పుట్టించిన కాఫీ' అని అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు. ఎనిమిదిన్నరకు రాజమండ్రి నుంచి సరదాగా వచ్చిన దంపతులు మెట్లెక్కి, ఇక్కడ మంచి ఆస్పత్రి ఏదని అడిగారు. వాళ్లమ్మాయికి ఈ మధ్యే పెళ్లయిందట. వచ్చే జనవరికి గది ఇప్పుడే చెప్పి పెట్టుకోవచ్చా అని వాళ్ల సందేహం. టైటస్ వాళ్ల పేరు కూడా రాసుకున్నాడు. అతనికి ఆ ఉదయం దేనికీ కాదనబుద్ధి కాలేదు.

తొమ్మిదింటికి స్వర్ణ వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ పైకి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మెట్ల మీద, దారి మీద, ఆగిన జీపుల మీద జనం. అందరి చేతుల్లోనూ కార్డులే.

"ఏటి సేసినారు సార్?" అంది ఆయాసపడుతూ.

టైటస్ గర్వంగా పదకొండు జిరాక్సులూ చూపించాడు. స్వర్ణ వాటి వంక చూసి, అతని వంక చూసి, కుర్చీలో కూర్చుండిపోయింది.

"మా ఊళ్లో పెద్దోళ్లందరిదీ జనవరి ఒకటే సార్. కార్డులోళ్లు సంతలో బల్లేసుకుని కూకున్నారు. ఎప్పుడు పుట్టినావంటే మా అమ్మమ్మ రైలు లైను ఏసినప్పుడు మేకలు కాసేదాన్నంది. లెక్కేసి సంవత్సరం రాసినారు. తేదీ లేకపోతే మిషను ఒప్పుకోదంట. ఒకటీ ఒకటీ కొట్టీసినారు. మా ఇంట్లో ఒక్క కేకు కోత్తే ఆరుగురి పుట్టిన్రోజు అయిపోద్ది."

టైటస్ జిరాక్సులు వదిలేసి లేచాడు. కిటికీలోంచి చూస్తే పదకొండు శాలువాలకు మూడువందల మందున్నారు. అప్పుడే లోపలికొచ్చిన ప్రేమ్‌కుమార్ ఈ మాట విని బీరువాకు ఆనుకున్నాడు. అధికారి హోటల్లో టిఫిన్ చేస్తున్నాడు, కాసేపట్లో వచ్చేస్తాడు. జనాన్ని తగ్గించడమెలా అన్నదే ఇప్పుడు సమస్య. టైటస్‌కే ఉపాయం తట్టింది. పిలిచింది కళాకారుల్ని కదా. ఒక్కొక్కరినీ మైకు ముందు నిలబెట్టి పాడిద్దాం, పాడలేనివాళ్లకు టీ ఇచ్చి పంపేద్దాం అన్నాడు.

మరే ఊళ్లోనైనా అది మంచి ఉపాయమే. ఇక్కడ నాటు వేసినా పాటే, కోత కోసినా పాటే, పెళ్లికి రాత్రంతా చేతులు కలిపి థింసా ఆడినా పాటే. మొదటి నలభై మందిలో ఒక్కరూ ఓడిపోలేదు. ఒకామె పాడుతుంటే వెనక నిలబడ్డ పదిమందీ అందుకున్నారు. ఈ తొందరలో ప్రసారం ఆపలేదన్న సంగతి ఎవరూ చూసుకోలేదు. నలభై ఊళ్లలోనూ ఆ పాటలు మోగుతున్నాయి. విన్నవాళ్లు, మా ఊరి పాట దీనికన్నా బాగుంటుందని జీపులెక్కారు. జనవరి ఒకటిన పుట్టనివాళ్లు కూడా బయల్దేరారు. పదకొండున్నరకు దారి పూర్తిగా మూసుకుపోయింది, చర్చిలో ఆరాధన టైటస్ లేకుండానే ముగిసిపోయింది.

వరహాలరావు చివరి కిలోమీటరు నడిచే వచ్చాడు. అయినా ముఖం వెలిగిపోతోంది. ఒక ప్రభుత్వ కార్యక్రమానికి లారీలు పంపకుండా ఇంతమంది రావడం ఆయన సర్వీసులో చూడలేదు. మొదటి శాలువా సోములమ్మకు కప్పాడు. రెండోది బుధుకు కప్పుతూ, మాట కలపడానికి, ఆ పేరెందుకు పెట్టారని అడిగాడు.

"బుధోరం పుట్టినాను బాబూ. మాకు ఏ వారం పుడితే ఆ పేరే ఎడతారు" అన్నాడు బుధు.

వరహాలరావు లెక్కల మనిషి. సరదాగా ఫోను తీసి 1960 జనవరి ఒకటి ఏ వారమో చూశాడు. శుక్రవారమని వచ్చింది. మీ ఫోను మంచిదేనా బాబూ అని బుధు జాలిగా అడిగాడు. వరహాలరావు సోములమ్మ కార్డు తీసుకుని 1953 చూశాడు. సోమవారం పుట్టిన మనిషికి కార్డులో గురువారం తగిలింది. ఆ తర్వాత ఆయన వరసలో ఉన్న ఇరవై కార్డులు చూశాడు, అన్నిట్లోనూ జనవరి ఒకటే. అన్నీ చూశాక శాలువాల మూట కింద పెట్టి, టైటస్‌నూ ప్రేమ్‌కుమార్‌నూ లోపలి గదిలోకి రమ్మన్నాడు. కప్పిన శాలువా ఉంటుందో పోతుందో తేలాలి కదా అని సోములమ్మ కూడా వెళ్లింది.

వరహాలరావు అరవలేదు. అరవడం కన్నా అదే ఎక్కువ భయంగా ఉంది. తెల్లకాగితం తీసి తనే రాశాడు: ఈ ఉదయం ప్రసారమైనది తప్పు, కార్డుల్లోని పుట్టిన తేదీలు నిజమైనవి కావు, శ్రోతలు మన్నించగలరు.

"ఇది ఇప్పుడే మైకులో చదువు. చదివితే ఉద్యోగం ఉంటుందో లేదో ఆలోచిస్తాను. చదవకపోతే ఆలోచించను" అన్నాడు.

టైటస్ కాగితం అందుకున్నాడు. చదివేద్దామనే లేచాడు. సోములమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఆగు బాబూ. కార్డు తప్పని నువ్వు రేడియోలో సెప్తే రేపు పింఛనీ ఆపేత్తారు. నీకు ఈ ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుద్ది. మాకు ఇంకో పుట్టిన్రోజు ఎక్కడ దొరుకుద్ది?"

టైటస్ కిటికీలోంచి కిందికి చూశాడు. ఆ కార్డుల్ని జనం ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, రవికల్లో, తలపాగాల్లో దాచుకుని తెచ్చారు. అతనికి ఏడుపొచ్చినంత పనయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"నేను చదవలేను సార్" అన్నాడు.

వరహాలరావు కలం మూత తీశాడు. తొలగింపు ఉత్తర్వు ఆయన నిలబడే రాయగలడు. సోములమ్మకు ఆ కలం నచ్చలేదు.

"బాబూ, నువ్వెప్పుడు పుట్టినావు?" అంది.

"జూలై ఒకటి" అన్నాడు వరహాలరావు, రాస్తూనే. ఆయన తేదీ ఖాయమైనది. సర్వీసు రిజిస్టరులో ఉంది.

ప్రేమ్‌కుమార్ జీవితంలో ఏనాడూ అధికారి మాటకు ఎదురు చెప్పలేదు. ఇప్పుడూ ఆయన ఉద్దేశం పొగడాలనే. "అదేమిటి సార్, సింహాద్రి అప్పన్న చందనోత్సవం నాడు పుట్టానని, అందుకే వరహాలరావని పెట్టారని, పోయినేడు మే నెలలో మాకందరికీ స్వీట్లు పంచారు కదా" అన్నాడు.

కలం ఆగింది.

"జూలై ఒకటి ఎవులు రాసినారు బాబూ?" అని సోములమ్మ అడిగింది.

"హెడ్మాస్టరు" అన్నాడు వరహాలరావు, కలం మూత పెట్టి. వాళ్ల ఊరి హెడ్మాస్టరు తేదీ ఒక్కటే మార్చి ఊరుకోలేదు. ముందుముందు పనికొస్తుందని వయసులో రెండేళ్లు కూడా తగ్గించాడు. ఆ మాట ఆయన పైకి అనలేదు. మనసులో మాత్రం లెక్క గబగబా జరిగిపోయింది. కార్డు మీది తేదీ అబద్ధమని ఈ రోజు రేడియోలో తేలితే, ఈ గదిలో అందరికన్నా ముందు రిటైరై ఇంటికి వెళ్లవలసినవాడు తనే. అదీ రెండేళ్ల కిందటే.

వరహాలరావు రెండు కాగితాలూ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. గొంతు సవరించుకుని, ప్రభుత్వం ఇచ్చిన కార్డును అనుమానించే హక్కు మనకెవరికీ లేదన్నాడు. బయటికి వెళ్లి మిగతా తొమ్మిది శాలువాలూ కప్పాడు. అవి అయిపోయాక తన మెడలోని మఫ్లరు తీసి పన్నెండోవాడికి కప్పాడు. పాటలు సాయంత్రం దాకా సాగాయి, ఆయనా అందాకా కూర్చున్నాడు. పాస్టరుగారింట్లో బిర్యానీ ఎవరు తిన్నారో టైటస్‌కు తెలియదు.

వెళ్లేముందు వరహాలరావు కొత్త కాగితం మీద ఉత్తర్వు రాసిచ్చాడు. 'పాటల పంచాంగం' కొనసాగాలి, టైటస్ కూడా కొనసాగాలి. ఒకటే షరతు. రోజూ ఆ తేదీన పుట్టిన కొండ కళాకారుడు కనీసం ఒక్కడైనా అందులో ఉండి తీరాలి.

రెండో తారీకు ఉదయం అయిదింటికే టైటస్ లేచి, రాత్రికి పోగైన అయిదువందల డెబ్భై జిరాక్సులూ ముందేసుకుని ఒక్కొక్కటే తిరగేశాడు. ఆ కొండల్లో జనవరి రెండున పుట్టినవాళ్లు ఒక్కరూ లేరు.