అందరి అడవిలో హెల్మీ చోటు

దుఫ్రేన్ కౌంటీ అడవి యావత్తూ ప్రజల సొత్తనీ, అందులో ఎవరైనా, ఎప్పుడైనా, ఎక్కడైనా తిరగవచ్చుననీ కౌంటీ బోర్డు వారు సకల జనులకూ ఇందుమూలముగా తెలియజేసి తొంభై ఏళ్ళయింది. సకల జనులూ ఆ మాటను శిరసావహించి, తాము తిరిగే చోటు పక్కవాడికి తెలియకుండా తిరుగుతున్నారు.

ఈ అడవి పుట్టుక మహా ఘనమైనది. పూర్వం అమెరికాలోని ఉత్తర విస్కాన్సిన్ నిండా ఆకాశాన్నంటే పైన్ చెట్లుండేవి. దూరదృష్టి గల కలప కంపెనీలు వాటిని ఒక్కటీ మిగల్చకుండా కొట్టి, మిగిలిన మొద్దుల నేలను "బంగారం పండే పొలాలు" అని ఫిన్లండ్ నుంచి వచ్చిన వాళ్ళకు అమ్మాయి. హెల్మీ సారెలా అనే ఆవిడ తాత ఊర్హో ఆ బంగారం కోసం ఇరవై ఏళ్ళు రాళ్ళేరాడు. మంచు కరిగినప్పుడల్లా కొత్త రాళ్ళు పైకొచ్చేవి. బంగాళాదుంపలు మాత్రం వచ్చేవి కావు. చివరికి పన్ను కట్టలేక ఆయన పొలం వదిలేసి ఇనుప గనిలో కూలికి పోయాడు. వేలం వేస్తే కొనే నాథుడు లేక, గత్యంతరం లేక, కౌంటీ దాన్ని తీసుకుంది. ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల చెట్లు వాటంతటవే పెరిగాయి. దీనినే కౌంటీ రికార్డులలో "మన పూర్వీకుల అటవీ పరిరక్షణ దీక్ష" అని రాసుకున్నారు.

ఊర్హో రాళ్ళ పొలంలో దుంపలు పండలేదు గాని, ఆయన వెళ్ళిపోయాక బ్లూబెర్రీలనే నీలం పళ్ళు విరగకాశాయి. హెల్మీకి ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. ఆరేళ్ళప్పుడు నానమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళింది మొదలు, ఏ జూలై తప్పలేదు. పత్రాల మీద ఆ నేలలో ఆమెకు చారెడు హక్కు లేదు. అయినా మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా ఆ రాళ్ళ మధ్య వంగి ఏరుతున్నంతసేపూ ఆమెకు తాత ఓడిపోయినట్టు అనిపించేది కాదు. ఆమెకు మిగిలిన ఆస్తి అదొక్కటే.

ఈ కౌంటీలో మనిషిని జీతం అడగవచ్చు, జబ్బు అడగవచ్చు, ఓటెవరికేశావని కూడా అడగవచ్చు. బెర్రీలు ఎక్కడ ఏరుతున్నావనీ, జింక వేటకు ఏ చెట్టు మీద కూర్చుంటావనీ అడగడం మాత్రం మర్యాద కాదు. అడిగితే పాస్టరు గారే ఉత్తరం చూపించి దక్షిణానికి పోతారు. హెల్మీ కూడా ఏటా కారును రెండు మైళ్ళ అవతల పాత స్కూలు దగ్గర ఆపి, కర్ర పొడుచుకుంటూ అడ్డదారిన నడిచి వెళ్ళేది.

ఇలా ఉండగా అటవీ కమిటీ చైర్మన్ నార్బర్ట్ జాస్ట్రో గారు పదిహేనేళ్ళ ప్రణాళిక ప్రకటించారు. టౌన్ హాలు గోడకు అడవి పటం తగిలించి, "మీకు ప్రాణప్రదమైన చోట ఎర్ర బిళ్ళ అంటించండి, దాన్ని కాపాడతాం. బిళ్ళ లేని చోట, అడవుల్లో షికారుకు నడిపే ఏటీవీ బళ్ళకు దారి వేస్తాం" అన్నారు. ప్రజాస్వామ్యం ఇంతకంటే బాగా ఏ దేశంలోనూ వర్ధిల్లదు.

జనం బారులు తీరారు. రెండు వందల పన్నెండు బిళ్ళలు అంటించారు. అన్నీ కప్పల బురద మీదే. దోమ తప్ప ప్రాణి వెళ్ళని చోటది. తన చోటు పదిమంది ముందూ చూపించే వెర్రివాడు కౌంటీలో ఎవడుంటాడు? హెల్మీ కూడా లోలోపల నవ్వుకుంటూ తన బిళ్ళను అక్కడే అంటించి వచ్చింది.

బురద పట్ల ప్రజల అపారమైన ప్రేమకు కమిటీ చలించిపోయింది. అక్కడ నాలుగు బెంచీలు, ఒక చెక్క వంతెన మంజూరు చేసింది. బళ్ళ దారి మాత్రం బిళ్ళ లేని చోట, సరిగ్గా ఊర్హో పొలం నడిమధ్యగా గీసింది. పేపర్లో ఆ గీత చూసిన హెల్మీ కాఫీ కప్పు పక్కన పెట్టేసింది.

రెండో సభలో నార్బర్ట్ గారు లేచి, "ఇది కమిటీ నిర్ణయం కాదు, ప్రజల హృదయ ఘోష!" అని ముప్పావుగంట ప్రసంగించారు. తర్వాత హెల్మీ లేచింది.

"నార్బర్ట్, ఆ దారి ఆపించవయ్యా. అది మా తాత పొలం. డెబ్బై ఏళ్ళుగా నేను బెర్రీలు ఏరుకునేది అక్కడే."

హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది. పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఆమె చెల్లెలి కొడుకు వెండెల్, దారి వేసే బుల్డోజర్ నడిపేవాడు.

పక్కింటి ఆర్విడ్ కళ్ళు తుడుచుకున్నాడు. "మా చెవుల్లో పువ్వులు పెట్టకు హెల్మీ! ఏటా నీ కారు పాత స్కూలు దగ్గర ఆగడం మేం చూళ్ళేదనుకున్నావా?"

"అది మిమ్మల్ని ఏమార్చడానికయ్యా!"

"మరి ఇప్పుడు చేస్తున్నదేంటి?"

హెల్మీకి నిజంగానే ఏడుపొచ్చింది. "ఒట్టు. మా నానమ్మ మీద ఒట్టు. ఒక్కసారి వచ్చి చూడండి" అంది. ఆ కన్నీళ్ళకు సభికులు ముగ్ధులయ్యారు. గుట్టు దాచుకోవడానికి ఇంత కష్టపడ్డ మనిషిని కౌంటీ చరిత్రలో చూడలేదని నార్బర్ట్ గారే చప్పట్లు కొట్టారు. దారి వద్దని ఓటేద్దామనుకున్న ముగ్గురు కమిటీ సభ్యులకూ సందేహం తీరిపోయింది. హెల్మీ తానే చూపించిందంటే అక్కడ గడ్డిపరక కూడా ఉండదన్నమాట. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

జూలైలో కౌంటీలో సగం జనం బకెట్లు పట్టుకుని పాత స్కూలు చుట్టూ పొదలన్నీ గాలించారు. వెండెల్ మాత్రం బుల్డోజర్ మీద పనిలోకి వెళ్ళాడు. ఊర్హో పొలం గట్టు ఎక్కేసరికి బండి ఆపాడు. రాళ్ళు కనబడనంతగా నేలంతా నీలం.

దిగి గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. పెద్దమ్మ చెప్పింది అక్షరాలా నిజమని అప్పుడు తెలిసింది. ఎవరికైనా చెప్పాలనుకోవడం వాడి పెంపకంలోనే లేదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, రెండు బకెట్లు నింపాడు. మిగిలినవి మరొకడి కంట పడకుండా ఉండాలంటే ఒకటే మార్గం తోచింది. బుల్డోజర్ స్టార్ట్ చేశాడు. "రాళ్ళు తప్ప ఏమీ లేవు" అని కమిటీకి రిపోర్టు రాశాడు.

సాయంత్రం ఒక బకెట్ పెద్దమ్మకు ఇచ్చాడు. మంచి మనసున్నవాడే.

హెల్మీ ఒక పండు నోట్లో వేసుకుంది. చాలాసేపు నమలలేదు.

"ఎక్కడివిరా ఇవి?"

వెండెల్ నొచ్చుకున్నాడు. "ఏంటి పెద్దమ్మా, ఇంత వయసొచ్చి నువ్వు కూడా... అలాంటివి అడగొచ్చా?"