నూట తొంభై రెండు మూలలు

గురువారం ఉదయం తండ్రీకూతుళ్ళు వేసుకున్న పథకం చాలా సాదాగా ఉంది. పదింటికల్లా ప్లైవుడ్ రావాలి. మధ్యాహ్నానికి కోత అయిపోవాలి. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకి ఆరు బల్లలూ హాజీ జగ్లూల్ కాఫీ హోటల్లో ఉండాలి. మేకు, జిగురు లేకుండా, ఒక చెక్క కొసన ఉన్న నాలుక ఇంకో చెక్క గాడిలో దూరి బిగుసుకుని నిలబడే బల్లలు. హాజీ హోటల్‌కి రంగులు వేయించి ఆ సాయంత్రమే మళ్ళీ తెరుస్తున్నాడు. కొత్త బల్లలు వస్తున్నాయి కదా అని పాతవాటిని ముందు రోజే రొట్టెల పొయ్యికి పంపేశాడు.

ఆ పాతవి చేసింది రావియా తండ్రి, పనితనం చూసి అందరూ ఉస్తా అని పిలిచే బహ్‌గత్. నలభై ఏళ్ళ కిందట, ఉలితో. అప్పట్లో ఈజిప్టులోని దమియట్టాలో వాళ్ళ వీధిలో తెల్లారిందని చెప్పేది ఉలి చప్పుడే. తర్వాత కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఉస్తా చేతులు వణుకుతున్నాయని పని మానేశాడు. రావియా అదే షెడ్డులో కంప్యూటర్ కోత యంత్రం పెట్టింది. రెండేళ్ళుగా ఆయన ఆ గడప తొక్కలేదు. తను చేసిన బల్లకే నకలు అనేసరికి ఉండబట్టలేక వచ్చి, వారం రోజులు కాగితాల మీద గీసిచ్చాడు. ఆమె వాటిని కంప్యూటర్లోకి ఎక్కించింది.

తెర మీద బొమ్మ చూసి ఆయన మొహం చిట్లించాడు. ప్రతి గాడికీ నాలుగు మూలల్లో చిన్నచిన్న గుండ్రటి సున్నాలు.

"ఇవేంటమ్మా, ఎలుక కొరికినట్టు? ఇవి ఉండాల్సిందేనా?"

రావియా అప్పటికే ఫోన్లో ప్లైవుడ్ కొట్టువాడితో మాట్లాడుతోంది. "వద్దు వద్దు, అవి తీసేయండి. ఒక్కటి కూడా ఉంచొద్దు. శుభ్రంగా ఉన్నవే నాకు కావాలి," అంది. వంకరపోయిన చెక్కల గురించి ఆమె మాట. ఉస్తా తనకే చెప్పిందనుకున్నాడు. ఆమె బండి తీసుకుని వంతెన అవతలికి వెళ్ళిపోయింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని కూర్చున్నాడు. కూతురు ఎలా చెరుపుతుందో వారంగా చూస్తున్నాడు కాబట్టి ఆ విద్య వచ్చింది. ఒక్కో సున్నా మీద నొక్కడం, చెరపడం. ఆరు బల్లలు, బల్లకి ఎనిమిది గాడులు, గాడికి నాలుగు మూలలు. గంటన్నర పట్టింది. చివర్లో, మార్పులు దాచుకోమంటారా అని కంప్యూటర్ అడిగింది. అంత మర్యాదగా అడిగితే కాదనడం ఆయనకి చేతకాదు.

రావియా వచ్చి చెక్క బిగించి యంత్రం నడిపింది. ఒంటిగంటకి ముక్కలన్నీ తయారు. మొదటి కాలు తీసి గాడిలో పెడితే, నాలుక కొస దూరి ఆగిపోయింది.

"చెక్క మందం తప్పిచ్చాడు," అని ఆమె కొట్టువాడికి ఫోన్ చేసింది.

"అమ్మా, పద్దెనిమిది మిల్లీమీటర్లకి వెంట్రుకవాసి ఎక్కువుంటే నా మీసం గీయించుకుంటాను," అన్నాడు అతను. కొలిస్తే సరిగ్గానే ఉంది. క్షమించమని మళ్ళీ ఫోన్ చేయాల్సి వచ్చింది.

ఏటి గాలికి చెక్క ఉబ్బి ఉంటుందని ఉస్తా తేల్చాడు. సరేనని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టారు. దూరలేదు. "రెండు దెబ్బలు వేస్తే అదే వెళ్తుంది," అని ఆయన కొయ్యసుత్తి అందుకున్నాడు. రెండో దెబ్బకి కాలు అంచు పగిలింది. మిగిలిన ముక్కతో ఆమె ఇంకో కాలు కోసింది. అదీ అంతే. రెండున్నరకి రావియా తెర ముందు కూలబడి బొమ్మని పెద్దది చేసి చూసింది.

"నాన్నా, మూలల్లో సున్నాలు ఏవి?"

"తీసేశాగా."

"ఎవరు తీయమన్నారు?"

"నువ్వే. ఒక్కటి కూడా ఉంచొద్దన్నావు. నేను ఉంచలేదు."

ఆమె నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "యంత్రంలో చెక్క కోసే బిట్టు గుండ్రంగా తిరుగుద్ది నాన్నా. మూలని పలకగా కొయ్యలేదు. అందుకని ఆ కొరుకుడు పెడతాం. అది లేకపోతే మూలలో కండ మిగిలిపోద్ది, నాలుక అక్కడే తగులుద్ది."

ఉస్తా ఒక గాడిని వేలితో తడిమి చూశాడు. "ఇంతేనా? ఇంత పెద్ద యంత్రానికి మూల తియ్యడం రాదా?" అన్నాడు. ఆ గొంతులో జాలి ఉంది, కాస్త సంతోషం కూడా ఉంది.

ఇంటికెళ్ళి గుడ్డలో చుట్టిన ఉలులు తెచ్చాడు. మొదటి మూల మీద ఉలి ఆనించినప్పుడు రావియా ఆయన చేతుల వైపే చూస్తోంది. టీ గ్లాసు పట్టుకుంటే వణికే ఆ చేతులు ఉలి దగ్గర కదల్లేదు. నాలుగు మూలలు తీశాక నాలుక సర్రున వెళ్ళి కూర్చుంది. కానీ ఇంకా నూట ఎనభై ఎనిమిది ఉన్నాయి.

ఆయన పాత స్నేహితుడు ఉస్తా ఫిక్రీకి ఫోన్ చేశాడు. ఫిక్రీ హోటల్ దారిలో ఉన్నాడు, వెనక్కి తిరిగి ఉలి తెచ్చుకున్నాడు. వస్తూ ఉస్తా దసూకీని వెంటబెట్టుకొచ్చాడు. రాగానే ఇద్దరూ ఉలి ఏటవాలు లోపలికుండాలా బయటికుండాలా అని మొదలుపెట్టారు.

"మా గురువు లోపలికే పెట్టించేవాడు," అన్నాడు ఫిక్రీ.

"అందుకే నువ్వు చేసిన బీరువాలు తలుపు తీస్తే ఏడుస్తాయి."

"నా బీరువాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఏడుస్తున్నాయి. నీవి ఏవీ?"

ఈ తగువు వినడానికే మరో నలుగురు చేరారు. వాళ్ళూ ఒకప్పటి వడ్రంగులే. చూస్తూ నిలబడలేక ఇళ్ళకెళ్ళి ఉలులు తెచ్చుకున్నారు. నాలుగున్నరకి షెడ్డులో ఏడు ఉలులు ఆడుతున్నాయి. రావియా దుమ్ము లాగే ఫ్యాను ఆపేసింది. చిన్నప్పుడు మధ్యాహ్నాలు పనిబల్ల కింద చిత్రిక పొట్టులో పడుకుని ఈ చప్పుడుకే ఆమెకి నిద్ర పట్టేది. వీధిలో అది మాయమైందని ఇన్నాళ్ళూ ఆమెకి తట్టనేలేదు. ఎదురింటావిడ కిటికీ తెరిచి చూసి, జిలేబీలాంటి మషబ్బక్ ఒక పళ్ళెం పంపింది. పాకం వేళ్ళతో చెక్క ముట్టుకున్నందుకు దసూకీని అందరూ తిట్టారు.

మగ్రిబ్ దాటింది. హాజీ జగ్లూల్ కొత్త గలాబియా వేసుకుని, మొహం ఎర్రగా చేసుకుని గుమ్మంలోకొచ్చాడు.

"దీపాలు పెట్టించాను, బొగ్గులు రాజేయించాను. హోటల్లో నేనూ పిల్లీ ఉన్నాం. కూర్చోడానికి బల్లల్లేవు, కూర్చునేవాళ్ళూ లేరు. మీరందరూ ఇక్కడ చేరితే నేనెవరికి పొయ్యాలి టీ?"

"ఇక్కడికే పంపు," అన్నాడు ఫిక్రీ తల ఎత్తకుండా. "నాకు చక్కెర తక్కువ."

హాజీ తిట్టబోయి ఆగాడు. అప్పుడే బిగిసిన ఒక బల్ల కనిపించింది. వంగి మూల మీద బొటనవేలు రాశాడు. పలకగా, పదునుగా, పాతదానిలాగే ఉంది. దాని మీద కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు. ఆ రాత్రి హోటల్ ప్రారంభం షెడ్డులోనే జరిగిపోయింది. ఆరో బల్ల రాత్రి ఇషా నమాజు వేళకి బిగిసింది.

మర్నాడు రావియా చెరిగిన సున్నాలన్నీ ఓపిగ్గా మళ్ళీ గీసి పెట్టుకుంది. మధ్యాహ్నం హాజీ వచ్చి మేడ మీదకి ఇంకో పన్నెండు బల్లలు కావాలన్నాడు.

"ఈసారి మీకు ఇబ్బంది లేకుండా రెండు రోజుల్లో ఇస్తాం హాజీ. మూలల్లో కొరుకుడు పెడితే ఉలి అక్కర్లేదు," అంది ఆమె.

"కొరుకుడున్నవి నాకొద్దు తల్లీ. చేత్తో తీసిన మూలలే కావాలి."

ఆమె తండ్రి వంక చూసింది. ఆయన కిటికీలోంచి వీధి వంక చూస్తున్నాడు. రావియా నిట్టూర్చి, గీసిన సున్నాలన్నీ తనే చెరిపేసి, పనికి పట్టే సమయం రాసిచ్చింది: యంత్రానికి ఒక పూట, ఉస్తాలకి తొమ్మిది రోజులు, అందులో ఆరు వాదనకి.